నొప్పి ఎవరిదో చెప్పే ముక్క

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, గట్టిగా చెప్పే ఓపిక లేదు. నేను ఒక మెదడు బొమ్మను. ప్లాస్టరుతో పోతపోసి, రంగులేసి, ఎనిమిది ముక్కలుగా ఊడదీసేలా చేశారు. మొదట పెద్ద డాక్టర్ల కాలేజీలో ఉండేదాన్ని. అక్కడొక ప్రొఫెసరు జారవిడిస్తే అంచు పెచ్చులూడింది. ఇక పనికిరానని విజయనగరం వైపు ఈ నర్సుల బడికి ఇచ్చేశారు. పద్నాలుగేళ్లుగా దమయంతి మేడమ్ నన్ను బెత్తంతో పొడుస్తూనే ఉంది.

ఏటేటా అదే పాఠం. లోపలి మడతలో దాగిన ఎర్రముక్క తీసి చూపిస్తుంది. "మనకు దెబ్బ తగిలితే మేలుకునే చోట్లలో ఇదొకటి. ఎదుటివాళ్లకు తగలడం చూసినా మేలుకుంటుంది. జాలి అక్కడే మొదలు" అంటుంది. చెవికి కాస్త పైన పచ్చముక్క కూడా ఉంది నాకు. ఈ నొప్పి నీది కాదు, వాళ్లది అని విడమరచడానికి సాయపడేది అది. పద్నాలుగేళ్లలో ఒక్కనాడు దాన్ని ముట్టుకుంటేనా?

ఇక ఈ బడిలో చదివే నూకరత్నం సంగతి. నేర్చుకునే పిల్లలంతా ముందు బత్తాయికి సూది గుచ్చుతారు, అందులో ఆమెను మించినవాళ్లు లేరు. మనిషి చెయ్యి పట్టుకుంటే మాత్రం కళ్లు మూసుకుపోతాయి, సూది గాలిలో ఆగిపోతుంది. ప్రాక్టికల్స్‌లో ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికే. "నర్సుకు అంత జాలి పనికిరాదు" అని కసురుతుంది మేడమ్, జాలి పాఠం చెప్పిన నోటితోనే. వినలేక చచ్చాను.

పరీక్ష రోజు పొద్దున ఆయా ఎర్రయ్యమ్మ మేకు తొక్కింది. టీటీ ఇంజెక్షన్ నూకరత్నాన్నే వేయమంది మేడమ్, అదే నీ పరీక్ష అని. ఎర్రయ్యమ్మ నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. పిల్ల దూదితో తుడిచి, సూది ఎత్తి, కళ్లు మూసుకుంది.

"ఎక్కడ పొడుస్తావేటే, నా ముక్కుమీదా?"

"నొప్పెడతాది పిన్నీ."

"ఎడితే నాకెడతాది, నీకేటి? నా మొకం సూడు. ఏడుపొస్తే నానేడుస్తాను, నువ్వు నీ పని సూసుకో."

నూకరత్నం కళ్లు తెరిచి ఆ ముఖం చూసింది. మందు మెల్లగా, సమంగా దిగింది.

"అయిపోనాదేటి?" అంది ఎర్రయ్యమ్మ. పిల్ల ఆ చేతిని వదల్లేదు, నొప్పుందా అని రెండుసార్లు అడిగింది. జాలి ఎక్కడికీ పోలేదు.

మేడమ్ పాసు మార్కులు వేసి, "చూశావా, జాలి వదిలేస్తే చెయ్యెలా నిలబడిందో" అంది. ఏం చెయ్యను, మెదడునే గాని ఆమెతో వాదించే నోరు లేదు నాకు.

మీకుంది కదా. ఎదుటివాళ్ల నొప్పి మనలో మేలుకోవాలి, అది వాళ్లదేనని కూడా తెలియాలి. అప్పుడే సాయం చేయగలం. గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. ముందు దమయంతి మేడమ్‌కు చెప్పండి. సోమవారం కొత్త పిల్లలు వస్తున్నారు.