ఈ పోటీ ఒక్కటీ అయ్యాక

కాగితాల మీద దస్తగిరి ఇంటి డ్రైవర్. అల్ ఖోర్‌లో గ్యాసు కంపెనీ ఇంజనీరు రామకృష్ణారావు గారి కారు నడపడానికి మూడున్నరేళ్ళ కిందట రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చాడు. కానీ ఆ ఆదివారం అతను స్టీరింగు దగ్గర లేడు. మేడ మీది గదిలో, కిటికీలకు మందపాటి తెరలు దించేసి, రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని, రేడియోలో జపానుతో, బ్రెజిల్‌తో, ఎక్కడో మంచులో ఉన్న ఫిన్లాండ్‌తో మాట్లాడుతున్నాడు. మాట్లాడటమంటే నోటితో కాదు లెండి. ఈ పోటీలో నోటికి పనే లేదు.

కంప్యూటరు అక్షరాలను కీచుకీచుమనే కూతలుగా మార్చి రేడియోకిస్తుంది. అవతలివాడి కంప్యూటరు ఆ కూతలను మళ్ళీ అక్షరాలు చేసి తెర మీద పరుస్తుంది. నలభై ఎనిమిది గంటల్లో ఎవరు ఎక్కువ మందిని, ఎక్కువ దేశాలను పలకరిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఎఫ్ వన్ మీట నొక్కితే పిలుపు, ఎఫ్ టూ నొక్కితే జవాబు, ఎఫ్ త్రీ నొక్కితే థాంక్యూ. పది సెకన్లలో ఒక మనిషి పని అయిపోవాలి. మధ్యలో బాగున్నావా అని అడిగేవాణ్ణి ప్రపంచమంతా కలిసి తిట్టుకుంటుంది.

ఈ ఆటలో రామకృష్ణారావు గారిది ఇరవయ్యేళ్ళ పేరు. ఖతర్ నుంచి ఆయన కూత వినిపించిందంటే ఐరోపా అంతా ఎగబడేది. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట చేతులు వణకడం మొదలైంది. ఎఫ్ టూ నొక్కబోతే ఎఫ్ త్రీ మీద పడేది వేలు. ఒకరోజు టీ పట్టుకొచ్చిన దస్తగిరి తెర మీద అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లు చూసి, "ఇవి బండి నంబర్ల మాదిరే ఉండాయే సార్" అన్నాడు. మొదటి రెండక్షరాలు చూస్తే మనిషి ఏ దేశంవాడో తెలిసిపోతుంది. లారీల మీద పెరిగినవాడికి అదేమైనా బ్రహ్మవిద్యా? నెల తిరక్కుండా కుర్చీ దస్తగిరిది అయింది, పక్క సోఫా సారుది అయింది.

రేడియో లైసెన్సు మాత్రం సారుదే. "అంతా నేనొక్కణ్ణే చేశాను" అని పోటీ చివర రాసిచ్చేదీ సారే. కాబట్టి దస్తగిరి సంగతి మూడో కంటికి తెలియకూడదు. తెలియకూడదు కాబట్టి అతని బదులు ఇంకొకణ్ణి పిలవడానికీ లేదు. సెలవడిగితే సారు ఎన్నడూ కాదనలేదు, అదే వచ్చిన చిక్కు. "ఈ పోటీ ఒక్కటీ అయ్యాక వెళ్దువుగానిలే అబ్బాయ్" అనేవారు. పోటీలకేం కరువు? నెలకొకటి తగలడుతుంది. పైగా, నిజం చెప్పొద్దూ, దస్తగిరికీ ఆ రుచి తగిలింది. రోడ్డు మీద ప్రతివాడూ హారన్ కొట్టి పక్కకు పొమ్మనేవాడే. ఇక్కడ దేశదేశాలు తన కోసం వరుసలో నిలబడుతున్నాయి.

ఊళ్ళో భార్య రమీజాకు ఓపిక చచ్చిపోయింది. రాని మనిషి కోసం ఇల్లు కాచుకుని కూర్చోవడమెందుకని కువైట్‌లో ఇంటిపనికి వీసా తెప్పించుకుంది. నాలుగేళ్ళ కూతురు జైబాను అక్క పర్వీన్ దగ్గర వదిలి, గురువారం చెన్నైలో విమానమెక్కాలి. దస్తగిరికి ఒక్క దారి మిగిల్చింది. "నా ఎదురుగా వచ్చి నిలబడి పోవద్దను. పోను. ఫోన్లో అంటే మాత్రం ఆగేదిలే." పోటీ ఆదివారం రాత్రితో అయిపోతుంది, సోమవారం బయల్దేరినా చాలని దస్తగిరి లెక్క వేసుకున్నాడు.

గదిలోకి ఫోను తీసుకుపోకూడదని దస్తగిరికి సారు పెట్టిన నియమం. మధ్యాహ్నం అన్నానికి కిందికొచ్చి ఫోను చూసుకుంటే రమీజా గొంతు రికార్డు చేసి పంపింది. "ఏజెంటు టికెట్టు మార్చినాడు. గురువారం కాదంట, రేపు తెల్లారి ఆరింటికే. చెన్నైకి బస్సెక్కుతాండాము, అక్కా జైబా కూడా వస్తాండారు. వస్తావో రావో నీ ఇష్టం."

దస్తగిరి కంచం పక్కకు నెట్టాడు. ఒక్క ఉరుకున పైకెళ్ళి సారుకు చెప్పాడు. ఈసారి "పోటీ అయ్యాక" అంటే ఏమనాలో కూడా మెట్ల మీదే కూడబలుక్కున్నాడు. ఆయన అలా అనలేదు.

"అయ్యో, వెళ్ళాలి కదరా మరి" అన్నారు. తనే ఫోను తీసి సాయంత్రం ఏడూ నలభై విమానానికి టికెట్టు కొన్నారు. అది రాత్రి రెండున్నరకు చెన్నైలో దిగుతుంది. సొరుగు తీసి పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. "నాలుగింటికల్లా టాక్సీ ఎక్కేసెయ్. పోటీ సంగతి నేను చూసుకుంటాలే."

చేతికి పాస్‌పోర్టు వచ్చేసరికి దస్తగిరికి ఏడుపొచ్చినంత పనైంది. స్నానం చేసి, బట్టలు సర్దుకుని, మూడింటికి బ్యాగు, ఫోను గది గుమ్మం బయట పెట్టి, చెప్పి పోదామని లోపలికి అడుగుపెట్టాడు.

కుర్చీలో సారు ఉన్నారు. తెర నిండా పిలుపులు. ఎనిమిది మంది ఒకేసారి ఎగబడుతుంటే ఒక్కడూ చేతికి చిక్కడం లేదు. అటువైపు ఇటలీవాడు నాలుగోసారి పిలుస్తున్నాడు, సారు వేలు మళ్ళీ పక్క మీట మీద పడింది. ఇటలీవాడు విసుగెత్తి వెళ్ళిపోయాడు. సారు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"లేయండి సార్. ఒక్క పది నిమిషాలు" అన్నాడు దస్తగిరి.

ఎవరూ అడగలేదు. ఎవరూ చెయ్యి పట్టి కూర్చోబెట్టలేదు. వాడంతట వాడే కూర్చున్నాడు.

ఎనిమిది మందిని ఒక్కొక్కరిగా ఏరి పంపించాడు. వాళ్ళ వెనక ఇంకో పది మంది తేలారు. పోలండ్, ఉక్రెయిన్, ఇద్దరు జర్మనీవాళ్ళు, ఎన్నడూ దొరకని ఐస్‌లాండ్. వేళ్ళు వాటంతటవే మీటల మీద పరుగెత్తుతున్నాయి. ఈ గుంపు తెగాక లేద్దాం అనుకున్నాడు. గుంపు తెగలేదు. అమెరికా తెరుచుకుంది, అక్కడి పిలుపులు వరదలా వచ్చిపడ్డాయి. రెండు రోజుల్లో నాలుగు గంటలు కూడా నిద్రలేని బుర్రలో ఊరు లేదు, విమానం లేదు, పెళ్ళాం లేదు, తరవాతి నంబరు ఒక్కటే ఉంది. ఒకసారి మాత్రం గుర్తొచ్చి తెర మూలకు చూశాడు. పదిహేనూ నలభై. అంటే మూడూ నలభై. నయమే, ఇంకా ఇరవై నిమిషాలుంది.

పదిహేనూ యాభై ఎనిమిదికి, తన క్రమశిక్షణకు తనే మురిసిపోతూ లేచాడు. "పోయొస్తా సార్" అన్నాడు. సోఫాలో మేలుకునే ఉన్న సారు తల ఎత్తలేదు.

గుమ్మం దాటి బ్యాగు భుజానేసుకుని వరండాలోకొచ్చాడు. వీధిదీపాలు వెలుగుతున్నాయి. ఆకాశం నల్లగా ఉంది.

నాలుగింటికి చీకటేంది? ఒక్క క్షణం నిజంగానే అర్థం కాలేదు వాడికి. తర్వాత అర్థమైంది. ఏ దేశపు రేడియోవాళ్ళైనా ఒకే లెక్క రాసుకోవాలని ఆ గదిలో కంప్యూటరు గ్రీనిచ్ సమయం చూపిస్తుంది. ఖతర్‌కు మూడు గంటలు వెనక. వేరే టైము కంటబడితే పొరపాటు రాస్తామని గోడగడియారం కూడా తీసేశారు. తీసి అటక మీద పెట్టింది దస్తగిరే. ఇప్పుడు ఏడు కావస్తోంది. విమానాశ్రయం యాభై నిమిషాల దూరం.

వెనక్కి తిరిగేసరికి సారు గుమ్మంలో ఉన్నారు.

"సార్, మీరైనా చెప్పుండచ్చు గదా సార్!"

"ఐదింటికి నా ఫోన్లో టైము చూశాను రా" అన్నారాయన. "చెబుదామని లేచాను కూడా. అప్పుడే నీకు అమెరికా తెరుచుకుంది. నోరు రాలేదు. నన్ను తిట్టు, నాలుగు తిట్టు."

తిడదామని నోరు తెరిచాడు దస్తగిరి. కానీ కుర్చీలో కూర్చున్నది ఎవడు? ఆ మాటే అడ్డం పడింది. తిట్లన్నీ తన మీదకే తిరిగాయి.

రేడియో కూతల్లో వినపడక ఫోనులో పదకొండు కాల్స్ తప్పిపోయి ఉన్నాయి. పన్నెండోది చేతిలో ఉండగానే మోగింది.

"ఎయిర్‌పోర్టులో ఉండావా?" అంది రమీజా. వెనక బస్సు మోత.

అబద్ధం చెబుదామని చూశాడు, రాలేదు. "ఇంట్లోనే ఉండా. టైము... టైము తప్పు చూసినా రమీజా. అల్లా తోడు, నా చేతిలో పాస్‌పోర్టుంది. రేపు పొద్దున్నే ఇంకో విమానం..."

"రేపు పొద్దున నేనుండనుగా."

"వద్దు పోవద్దు. ఫోన్లోనే అంటాండా, కాళ్ళు పట్టుకుంటా, పోవద్దు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే కొంచెం బాగుండేది. "రెండేండ్లు నాయన ఎప్పుడొస్తాడని జైబా అడిగితే నేనే చెప్పినా. రేపొస్తాడు, పండగకొస్తాడు, వానలప్పుడొస్తాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపాయ. ఇంక అమ్మ ఎప్పుడొస్తాదో నువ్వు చెప్పు. ఉండు, ఇస్తాండా."

ఫోను చేతులు మారిన చప్పుడు. పాప ఊపిరి దగ్గరగా వినిపించింది.

"నాయనా, అమ్మ ఎప్పుడొస్తాది?"

దస్తగిరి వరండా మెట్టు మీద కూలబడ్డాడు. లోపల రేడియో పిలుపులు కీచుకీచుమంటూనే ఉన్నాయి. సారు ఆ గదిలోకి పోలేదు, ఇటు రాలేదు. పాప మళ్ళీ అడిగింది.

"తెల్దు తల్లీ" అన్నాడు.

"మరి నువ్వు?"