ఎడమ వైపు రెండున్నర అంగుళాలు

నేను ఒక అట్టని. నన్ను ఎంత వెడల్పున కొయ్యాలో తేల్చుకోలేక అత్తా కోడలూ తగువు పడుతూనే కొట్టు మెట్లెక్కారు. ఆ తగువు పొద్దున కాఫీల దగ్గర మొదలై, రిక్షాలో దారంతా సాగి, నా దగ్గరికొచ్చేసరికి ఇద్దరి గొంతులూ బాగా తగ్గాయి. మనుషులు నలుగురిలో పోట్లాడుకునేటప్పుడు మెల్లగా మాట్లాడతారు. ఇంట్లో అరుపుల కంటే ఆ మెల్లని మాటలంటేనే నాకు ఎక్కువ భయం.

"మూడున్నర అంగుళాలు లోపలికి రానీ," అంది అత్తగారు శేషమాంబ.

"రెండున్నర చాలత్తయ్యా," అంది కోడలు హైమవతి.

ఏలూరు బజార్లో పటాలు కట్టే కొట్టు అది. కొట్టు సుభానీది. ఫోటోకీ అద్దానికీ మధ్య పెట్టే నాలాంటి అట్టని మౌంటు అంటారు. మధ్యలో కిటికీలా కోస్తారు, ఆ కిటికీలోంచి ఫోటో కనిపిస్తుంది. మీ చూపు ఫోటో మీద పడుతుంది, లేదంటే చెక్క ఫ్రేము మీద పడుతుంది. నా మీద పడదు. ఫోటో అంచుని పావంగుళం పట్టుకుని ఉండడం నా పని. అంటే ప్రతి ఫోటోలోనూ ఎంతో కొంత నా కిందకి పోతుంది. అది చెట్టు కొమ్మో, కుర్చీ కాలో అయితే ఎవరికీ పట్టదు.

ఇక్కడ నా కిందకి పోవలసింది మనిషి.

శేషమాంబ భర్త షష్టిపూర్తి నాడు తీయించిన రంగుల ఫోటో అది. మధ్యలో పెద్దవాళ్ళిద్దరూ పూలదండలతో కూర్చున్నారు. కుడి వైపు కొడుకు నరహరి, అతని పక్కన హారతి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని హైమవతి. ఎడమ వైపు అంచున కూతురు కాత్యాయని. ఆమె ముందు, కాస్త లోపలి వైపుకి హైమవతి కూతురు, నాలుగేళ్ళ స్నిగ్ధ, పట్టుపరికిణీలో. కాత్యాయని ఎడమ చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఉంది.

ఫోటో తీసిన తరవాత కొన్నాళ్ళకి కాత్యాయని ఒక సంచితో పుట్టింటికి వచ్చింది. ఇక అత్తవారింటికి వెళ్ళనంది. సర్దుకోవాలి అని తల్లీ తండ్రీ చెప్పి, నరహరిని తోడిచ్చి మళ్ళీ అదే ఊరి బస్సెక్కించారు. నెల తిరక్కుండా అత్తవారి దగ్గర్నుంచి కబురొచ్చింది, మీ అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది అని. ఎటు వెళ్ళిందని ఎవరూ అడగలేదు. పరువు పోయిందని మాత్రం అనుకున్నారు. ఆ పరువులో మిగిలిందైనా దక్కించుకుందామని ఆమెని నాతో మూయించడానికి వచ్చారు.

అసలు చిక్కు ఆ చెయ్యి దగ్గర వచ్చింది. మనిషిని మూయడానికి రెండున్నర అంగుళాలు సరిపోతాయి. పిల్ల భుజం మీది వేళ్ళు కూడా పోవాలంటే ఇంకో అంగుళం కావాలి. అప్పుడు పిల్ల సగమే మిగులుతుంది.

"సగమైతే ఏం? దానికి ఎన్ని ఫోటోలు తీయించుకోం?" అంది శేషమాంబ.

"నా పిల్లని సగానికి కోయించుకోను," అంది హైమవతి. ఆడబిడ్డ గురించి మాత్రం ఆమె ఏమీ అనలేదు.

సుభానీ సరదా మనిషి. లావుగా కనిపించేవాళ్ళని ఏ డాక్టరూ తగ్గించనంత తొందరగా నేను తగ్గిస్తాను అంటుంటాడు. ఆ రోజు ఆ మాట మింగేసి, ఫోటోని వెలుతురులో పెట్టి చూశాడు. కాత్యాయని మోచేతికి పైన, జాకెట్టు చెయ్యి పైకి జరిగిన చోట నీలంగా ఏదో ఉంది. ప్రింటులో మరక పడిందా అమ్మా అని అడిగాడు.

"మరక కాదు. గాజులు ఎక్కించేటప్పుడు కమిలింది," అంది శేషమాంబ.

"అయితే మూసేస్తే మంచిదే," అన్నాడు అతను.

ఇక రంగు దగ్గర ఇంకో చిన్న తగువు. శేషమాంబకి తన పట్టుచీర అంచులాంటి మెరూన్ కావాలి. హైమవతికి గోడ రంగుకి తగ్గట్టు ఉండాలి. ఇంటికి అట్ట కొనేటప్పుడు ఆడవాళ్ళు చీర కొన్నంత సేపు చూస్తారు, అదేమో పదేళ్ళకి ఎవరికీ గుర్తుండదు. చివరికి మీగడ రంగులో ఉన్న నా మీద ఇద్దరూ రాజీపడ్డారు. చుట్టూ మూడేసి అంగుళాలు మిగిలేలా సుభానీ నన్ను కోశాడు. హైమవతి గెలిచింది. ఎడమ వైపు రెండున్నర అంగుళాల ఫోటో నా కిందకి వచ్చింది. పిల్ల మొత్తం మిగిలింది. దాంతో పాటు ఆ పిల్ల భుజం మీద మనిషి లేని నాలుగు వేళ్ళు కూడా మిగిలాయి.

మా గురించి ఒక సంగతి చెప్పాలి. నా కిటికీని ఎప్పుడైనా పెంచుకోవచ్చు. తగ్గించడం మాత్రం కుదరదు. కోసిందాన్ని అతికించడం ఏ సుభానీ వల్లా కాదు.

నన్ను వాళ్ళ ముందుగదిలో వీధి గుమ్మానికి ఎదురుగా తగిలించారు. నా ముందు వైపు ఆ ఇల్లు. నా వెనక వైపు కాత్యాయని. ఆమె చెంప నాకు ఆనుకుని ఉండేది. ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తేవారు కాదు, నేను ఒక్కదాన్నే ఆమెని మోసేదాన్ని.

రోజూ పొద్దుటి ఎండ గుమ్మంలోంచి వచ్చి ఫోటో మీద పడేది. ఏడాది ఏడాదికి అందరి రంగులూ వెలిసిపోయాయి. శేషమాంబ మెరూన్ చీర ఇటుకపొడి రంగుకి తిరిగింది. పూలదండలు పిప్పిలా అయ్యాయి. నేను మంచి జాతి అట్టని కాను, నన్ను చేసిన గుజ్జులో కాగితాన్ని మెల్లగా మాడ్చే పులుపు ఉంది. కోసిన చోట నా తెల్లటి అంచు గోధుమరంగుకి తిరిగి, ఫోటో మీద కూడా ఒక గీతలా దిగింది. నా కింద మాత్రం ఎండ పడలేదు. అక్కడ కాలం కదల్లేదు.

స్నిగ్ధ పెరిగింది. ఒక రోజు పాలగ్లాసు పట్టుకుని నా కింద నిలబడి, నా భుజం మీద ఆ చెయ్యి ఎవరిదమ్మా అని అడిగింది. నాదే అంది హైమవతి. నీ రెండు చేతులూ పళ్ళేనికే ఉన్నాయిగా అంది పిల్ల. ముందు పాలు తాగు అని కసిరింది తల్లి. పిల్లలు లెక్క సరిగ్గానే చూస్తారు. పెద్దవాళ్ళు పాలు తాగమంటారు.

తరవాత శేషమాంబ భర్త పోయాడు. ఆయన పటం నా పక్కనే దండతో వచ్చింది. ఇంకొన్నేళ్ళకి, ఒక ఫాల్గుణంలో, స్నిగ్ధ పెళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో అల్లుడు ఇంటికి వచ్చినప్పుడు నా ముందు నిలబడ్డాడు. చక్కగా ఉంటాడు, చక్కగా మాట్లాడతాడు. తాతగారు సరిగ్గా మధ్యలో లేరే, ఎడమ వైపు ఏదో తగ్గింది అన్నాడు. అంతకు ముందు ఆ ఇంటికి వచ్చినవాళ్ళెవరూ అది కనిపెట్టలేదు. ఫ్రేము కొంచెం వాలి ఉంటే ఒక్క వేలితో నెట్టి సరిచేశాడు. తరవాత అదే వేలితో స్నిగ్ధ భుజం మీద పైట సరిచేశాడు. అందరూ ముచ్చటపడ్డారు. స్నిగ్ధ కదలకుండా నిలబడింది. అతని వేలు తీసేదాకా ఊపిరి పీల్చలేదు.

ఆషాఢమాసానికి స్నిగ్ధ పుట్టింటికి వచ్చింది. కొత్తకోడలు ఆ నెల అత్తగారింట ఉండకూడదు కదా. రోజూ సాయంత్రం అతని ఫోను వచ్చేది. స్నిగ్ధ నా కింద నిలబడే మాట్లాడేది. మాట్లాడేది అనకూడదేమో. సరే, అలాగే, పొరపాటయింది, సరే. అంతే. కూర్చుని మాట్లాడవే అని నానమ్మ అంటే, కూర్చుంటే ఆయనకి తెలిసిపోతుంది నానమ్మా అంది ఒకసారి. శేషమాంబ నవ్వింది. అంత ప్రేమ అన్నమాట అంది.

ఆషాఢమంటే గోరింటాకు. పెరట్లోని ఆకు కోసి రుబ్బి, ముందుగదిలో చాప వేసి, హైమవతి కూతురి చేతికి పెట్టబోయింది. చెయ్యి చాపమంటే స్నిగ్ధ రెండో చేత్తో జాకెట్టు చెయ్యి కిందకి లాక్కుంటోంది. ముద్ద అంటుతుంది వదులు అని తల్లి ఆ పట్టు విడిపించింది. మోచేతికి పైన నాలుగు నీలపు గుర్తులు.

"గాజులు ఎక్కించేటప్పుడు కమిలిందమ్మా," అంది స్నిగ్ధ.

 హైమవతి గోరింటాకు పెట్టడం పూర్తి చేసింది. కానీ చుక్కలు ఒక వరసలో పడలేదు.

ఆ విషయం భర్తతో అంది. నరహరి మంచివాడు, గట్టి మాట అనలేనివాడు. గాజులే అయ్యుంటాయి, ఒక మచ్చ చూసి కాపురం మీద అనుమానాలు పెట్టుకుంటామా అన్నాడు. శేషమాంబ కూడా అదే అంది, కొత్తలో అన్నీ ఉంటాయి, సర్దుకోవాలి అని. రోజులు గడిచేకొద్దీ ఆ నీలం పసుపయింది, పసుపు చర్మంలో కలిసిపోయింది. చూశావా, పోయింది అన్నాడు నరహరి. చర్మానికి ఉన్న మంచి గుణమే అది, చెడ్డ గుణమూ అదే. సాక్ష్యం నిలబెట్టదు. శ్రావణం దగ్గరపడింది. తీసుకెళ్ళడానికి ఫలానా రోజున వస్తానని అల్లుడు కబురు చేశాడు. హైమవతి పిండివంటలు మొదలుపెట్టింది, స్నిగ్ధ బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఈ నిశ్శబ్దం నాకు తెలుసు. కాత్యాయని గురించి కబురొచ్చిన తరవాత, సుభానీ బల్ల మీద పెట్టిన ఆ ఫోటో చుట్టూ, ఆ అంగుళాల తగువు కింద, ఇదే ఉంది.

ఆ వారం వాన విడవకుండా కురిసింది. నేనున్న గోడ చెమ్మగిల్లింది. ప్రయాణానికి ముందురోజు పొద్దున హైమవతి నన్ను దింపింది. వెనక అతికించిన కాగితం అప్పటికే పురుగు తినేసి ఊడి వేలాడుతోంది. ఆరబెడదామని మేకులు విప్పి, వెనక చెక్క తీసి, నన్నూ ఫోటోనీ విడదీసి చాప మీద పెట్టింది. స్నిగ్ధ పక్కనే కూర్చుని ఉంది.



ఫోటోలో అందరూ వెలిసిన బట్టల్లా ఉన్నారు. గోధుమరంగు గీతకి ఎడమ వైపున మాత్రం ఒక మనిషి నిన్న తీసిన ఫోటోలోలా నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర ఆకుపచ్చగానే ఉంది. మల్లెపూలు తెల్లగా ఉన్నాయి. చేతి మీది నీలం నీలంగానే ఉంది. నేను మూసిపెట్టినదేదీ పాడవలేదు.

"ఈ చెయ్యి నీదన్నావు," అంది స్నిగ్ధ.

"మీ మేనత్తది. కాత్యాయని."

"ఆవిడ చేతికేమైంది?"

"గాజులు ఎక్కించేటప్పుడు కమిలిందట," అంది హైమవతి. ఎన్నో ఏళ్ళ క్రితం విన్న మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆగిపోయింది. వంగి ఫోటోని దగ్గరగా చూసింది. గాజులు ఆ చేతికి మణికట్టు దగ్గర ఉన్నాయి. మచ్చ మోచేతికి పైన ఉంది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, తన నాలుగు వేళ్ళు మోచేతికి పైన ఆనించింది. నొక్కలేదు. ఊరికే ఆనించింది.

"అంత పైకి గాజులు ఎవరూ వేసుకోరు కదే," అంది.

స్నిగ్ధ తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. ఎప్పటినుంచి అని తల్లి అడిగితే, మొదటి వారం నుంచి అంది. ఆమె పైట కొస నా మీద పడింది కాబట్టి మిగతాది వినడమే గాని చూడలేదు. విన్నది మీకు చెప్పను. అద్దం లేకుండా చూపించేవి కావు కొన్ని.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చాక హైమవతి నన్నూ ఫోటోనీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆటోలో సుభానీ కొట్టుకి తీసుకెళ్ళింది. సుభానీ జుట్టంతా నెరిసింది, సరదా తగ్గలేదు. ఈ అట్ట పెన్షను వయసులో ఉందమ్మా, కొత్తది వేద్దాం అన్నాడు. అక్కర్లేదు, ఇదే ఎడమ వైపు కోసి కిటికీ పెంచమంది. అప్పుడు ఎడమ వైపు అట్ట అరంగుళమే మిగులుతుంది, బాగోదు అన్నాడు.

"బాగుండక్కర్లేదు," అంది హైమవతి.

బ్లేడు దిగింది. నా నుంచి రెండున్నర అంగుళాల ముక్క తెగి బల్ల కింద ముక్కల బుట్టలో పడింది. ఇన్నేళ్ళు కాత్యాయని చెంపకి ఆనుకున్న ముక్క అది. ఈపాటికి ఏ పొయ్యిలోకో వెళ్ళి ఉంటుంది. మిగిలిన నేనే మీతో మాట్లాడుతున్నాను.

దీపాలు పెట్టే వేళకి నన్ను మళ్ళీ గోడకెక్కించారు, చెమ్మ లేని పక్క గోడకి. శేషమాంబ కర్ర పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. కోప్పడుతుందని అందరూ ఎదురు చూశారు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఆ రోజు ఆకుపచ్చ కట్టిందా అది? నేను ఇన్నాళ్ళూ నీలమనుకుంటున్నాను," అంది.  కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చుంది.

భోజనాలు ఆ రాత్రి ముందుగదిలోనే పెట్టుకున్నారు. నరహరి తలెత్తి ఫోటోలోని చెల్లెలి వైపు చూడలేకపోతున్నాడు, చూడకుండానూ ఉండలేకపోతున్నాడు. మధ్యలో ఫోను మోగింది. స్నిగ్ధ అలవాటుగా లేచి నిలబడబోయింది. హైమవతి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. బయట వాన మళ్ళీ అందుకుంది.

హైమవతి అత్తగారి కంచంలో అన్నం వడ్డించింది, భర్త కంచంలో వడ్డించింది. గరిటె గిన్నెలో పెట్టి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"కాత్యాయని వెళ్ళిపోయిందని వాళ్ళు చెబితే మనం నమ్మాం. రేపు అల్లుడు తెచ్చే కారు ఖాళీగా తిరిగి వెళ్తుంది. స్నిగ్ధ ఇక్కడే ఉంటుంది. గేటుకి తాళం వేసి వచ్చాను, తాళంచెవి నా దగ్గరుంది. మజ్జిగ ఎవరికి కావాలి?"