బాగుచెయ్యకూడని గది

రెండు నెలలుగా ఆ ఇంటి పెద్దకోడలికి రెండు ఉద్యోగాలు. పగలు బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం మొదటిది. ఇంటికి వచ్చాక మొగుడి మాట మరిదికీ, మరిది మాట మొగుడికీ మొయ్యడం రెండోది. మొదటిదానికి జీతం ఉంది, ఆదివారం సెలవు ఉంది. రెండోదానికి రెండూ లేవు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే రిపేరు షాపు. వీధి వీధంతా వాళ్ళని పెద్దాడు, చిన్నాడు అనే అంటుంది. తల్లి పిలుపే అందరికీ అలవాటైపోయింది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గోడ గడియారాలు, ఏది మొరాయించినా వాళ్ళ బల్ల మీదికి రావలసిందే. పద్నాలుగేళ్ళుగా పక్కపక్కనే కూర్చుని పనిచేశారు. పెద్దాడు తల ఎత్తకుండా చెయ్యి వెనక్కి చాపితే, చిన్నాడు ఆ చేతిలో కావలసిన పనిముట్టు పెట్టేవాడు. ఏది కావాలో ఒకరు చెప్పడం, ఇంకొకరు అడగడం ఉండేది కాదు.

అలాంటివాళ్ళ మధ్యకి ఒక మిక్సీ వచ్చి పడింది. పెద్దాడు దాన్ని విప్పి చూసి, ఇది ఇక బాగుపడదు, కొత్తది కొనుక్కోండని దాన్ని తెచ్చిన టీచరమ్మకి చెప్పేశాడు. చిన్నాడు దాన్ని పక్కకి తీసి, లోపల తెగిన సన్నటి తీగ అతికించి, మర్నాడు అందరి ముందూ గిర్రున తిప్పి చూపించాడు. పెద్దాడి మొహం మాడిపోయింది. నలుగురిలో నా పరువు తీశాడని అన్న. తప్పు తనదైతే నా మీద ఎగురుతాడేంటని తమ్ముడు. మాటా మాటా పెరిగి, షాపు మధ్యలో గోడ పెట్టుకునేదాకా వచ్చింది. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకున్నాడు. సోమవారం పొద్దున్న ఏడింటికి చెక్కలతో వస్తానన్నాడు.

షాపులో ఆ గోడ లేచిందంటే ఆరు నెలల్లో ఇంట్లోనూ లేస్తుందని పెద్దకోడలికి తెలుసు. తను కాపురానికి వచ్చేనాటికి చిన్నాడికి మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇప్పటికీ పెళ్ళి కాలేదు, అన్నం వార్చడం రాదు. వాడు వేరు కుంపటి పెట్టుకుని ఏం తింటాడోనని ఆమెకి బెంగ. వెంటనే ఒళ్ళు మండేది కూడా. ఇంత వయసొచ్చిన ఇద్దరు మగవాళ్ళు ఒక మిక్సీ కోసం ఎడమొహం పెడమొహంగా తిరుగుతుంటే, మధ్యలో ఆమెకేం ఖర్మ.

అప్పుడే ఆఫీసులో ఎవరో ఈ ఎస్కేప్ రూమ్ సంగతి చెప్పారు. ఒక గదిలో పెట్టి గంటసేపు తాళం వేస్తారట. లోపల దాచిన ఆనవాళ్ళు అందరూ కలిసి వెతికి, తాళాలు తీసుకుంటూ బయటికి రావాలట. ఆమె చెవికి అందులో ఒక్క ముక్కే ఎక్కింది, గంటసేపు తాళం వేస్తారన్నది. ఆదివారానికి నలుగురికి టికెట్లు తీసుకుంది. తల్లికి చూడాలని ఉందంటే కొడుకులు కాదనలేరు కాబట్టి అత్తగారిని ముందు పెట్టింది. అదేమిటో అత్తగారికి బోధపడలేదు కానీ, ఏసీ ఉంటుందంటే సరేనంది.

ఆదివారం అక్కడి కౌంటరులో ఉన్న అమ్మాయి ఫోన్లూ సంచులూ తీసుకుని అరలో పెట్టింది. ఇది మాయమైపోయిన ఒక ప్రొఫెసర్ గది అనీ, లోపల కనిపించే ప్రతిదానికీ ఒక అర్థం ఉంటుందనీ, దేన్నీ బలంగా లాగొద్దనీ చెప్పింది. తను కెమెరాలో చూస్తూ ఉంటుంది, అవసరమైతే స్పీకర్లో మాట్లాడుతుంది. పెద్దాడి జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవర్ సంగతి ఎవరికీ తట్టలేదు. పెన్ను పెట్టుకున్నట్టు పెట్టుకుంటాడు దాన్ని.

తలుపు మూసుకుంది. ఒక రాతబల్ల, పుస్తకాల అలమర, నిలువుటద్దం, నంబరు తాళం వేసిన ఇనప్పెట్టె, గోడకి ఒక పాత కీ గడియారం, పైన మినుకుమినుకుమనే ఒక దీపం. అన్న ఒక మూలకి వెళ్ళాడు, తమ్ముడు ఇంకో మూలకి వెళ్ళాడు. గది మొత్తం ఆరడుగుల వెడల్పు లేదు.

ఆ అలమర చూడమని మీ మరిదికి చెప్పు, అన్నాడు మొగుడు. నేను చూస్తూనే ఉన్నానని ఆయనకి చెప్పు వదినా, అన్నాడు మరిది. ఆరడుగుల గదిలో ఒకడి చెవిలో పడిన మాటనే ఆమె మళ్ళీ వాడికి చెప్పింది. పది నిమిషాల్లో అలా ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఈలోగా అత్తగారు ఊరుకుంటుందా. ఎవరింటికి వెళ్ళినా దుమ్ము కనిపిస్తే ఆవిడ చెయ్యి ఆగదు. అద్దం మీద అంత దుమ్ము పెట్టుకుని ప్రొఫెసరు ఎలా బతికాడో అనుకుంటూ, కొంగుతో పైనుంచి కిందిదాకా శుభ్రంగా తుడిచేసింది. స్పీకర్లో అమ్మాయి గొంతు వినిపించింది. ఆ దుమ్ములో వేలితో రాసిన అంకెలున్నాయట. పరవాలేదు, తను చెప్తుందట. చెప్పింది. అత్తగారు తలెత్తి, అంకెలు కాగితం మీద రాసుకోవాలి గానీ అద్దం మీదేంటమ్మా అని ఆ పిల్లకే బుద్ధి చెప్పింది.

ఆ అంకెలతో బల్ల సొరుగు తెరుచుకుంది. లోపల ఒక చీటీ ఉంది, మినుకుమినుకుమంటున్న దీపాన్ని గమనించమని. పెద్దకోడలు చీటీ చదివి తలెత్తేసరికి దీపం నిలకడగా, ధగధగా వెలుగుతోంది. చిన్నాడు బల్బు కింద చెయ్యి దులుపుకుంటున్నాడు. హోల్డరు వదులైంది, బిగించానని చెప్పాడు. మళ్ళీ వదులు చెయ్యమంటే, వదులుగా వదిలేస్తే కాలిపోతుంది వదినా, అన్నాడు నొచ్చుకుంటూ. స్పీకరు మళ్ళీ పలికింది. మూడుసార్లు ఆరి రెండుసార్లు వెలగాలి, ఆ సంగతి కూడా నేనే చెప్పేస్తున్నానంది అమ్మాయి.

అప్పటికి ముప్ఫై నిమిషాలు అయిపోయాయి. పెద్దకోడలికి తల ప్రాణం తోకకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మొగుడు, బల్బు ముట్టుకునే ముందు అడగాలని మీ మరిదికి చెప్పు, అన్నాడు.

"నేను చెప్పను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "వారమంతా కౌంటర్లో ఇదే పని. అక్కడైనా మధ్యలో అద్దం అడ్డుంటుంది. ఇవాళ ఆదివారం, నాకు సెలవు. మాట్లాడుకుంటే మాట్లాడుకోండి, లేకపోతే గంట అయ్యేదాకా గోడలు చూస్తూ నిలబడండి."

వెళ్ళి, నేల మీద చతికిలబడ్డ అత్తగారి పక్కన కూర్చుంది. అన్నదమ్ములు నిజంగానే గోడలు చూస్తూ నిలబడ్డారు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత కష్టపడి తెచ్చి తాళం వేయిస్తే, వీళ్ళు తాళం వేసిన గదిలో కూడా వేరుకాపురం పెట్టారు.

గోడ చూస్తున్న పెద్దాడికి గోడ మీద గడియారం కనిపించింది. ఆగిపోయి ఉంది. ఆగిన గడియారాన్ని చూస్తూ ఐదు నిమిషాలు ఊరికే నిలబడటం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. దించి బల్ల మీద బోర్లా పెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

మొదటి స్క్రూ మీంచి అది జారింది. రెండోసారీ జారింది. గడియారాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు, మళ్ళీ చేతులు బారచాపి దూరంగా పట్టుకున్నాడు. చివరికి వేలి కొసతో తడిమి తడిమి మూత తీశాడు. తమ్ముడు గోడని వదిలేసి ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

పెద్దాడు తల ఎత్తకుండా చెయ్యి వెనక్కి చాపాడు. అలవాటు అది, కోపం సంగతి ఆ చేతికి తెలియదు. చిన్నాడు ఒక్క అడుగులో వదిన దగ్గరికి వచ్చి, అడగకుండానే ఆమె జడలోంచి పిన్ను లాగి, తిన్నగా వంచి అన్న చేతిలో పెట్టాడు. పెద్దాడు దాంతో చక్రాల మధ్య ఎక్కడెక్కడో పొడుస్తున్నాడు.

"ఎడంవైపు అన్నా," అన్నాడు చిన్నాడు.

రెండు నెలల తర్వాత అన్నతో వాడి మొదటి మాట అది.

"అక్కడేం లేదు," అన్నాడు పెద్దాడు.

"ఉంది. పెద్ద చక్రం కింద తీగముక్క ఇరుక్కుంది. కనిపించట్లేదా?"

"వెలుతురు సరిగ్గా లేదు."

చిన్నాడు తను బిగించిన దీపం వైపు చూశాడు. గదిలో చీమ పాకినా కనిపించేంత వెలుతురు ఉంది. తిరిగి అన్న మొహంలోకి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

పెద్దాడు పిన్నుని అటూ ఇటూ తిప్పాడు. నలభై ఆరేళ్ళ మనిషి మార్కులు తక్కువొచ్చిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

"ఏడాది అవుతోంది. దగ్గరివి అలుక్కుపోతున్నాయి. ఆ మిక్సీలో తీగ తెగిందని నాకేం తెలుసు, కనిపిస్తేగా. రిపేరు చేసేవాడికి చూపు ఆనట్లేదంటే వస్తువు ఎవడిస్తాడ్రా?"

"నాకు చెప్పొచ్చు కదా. నేనేమన్నా పరాయివాణ్ణా?"

పెద్దకోడలికి అప్పుడు వెలిగింది. ఏడాదిగా పొద్దున్నే పేపరు చదివి వినిపించమంటే, వయసు మళ్ళాక మొగుడికి తన గొంతు మీద మోజు పుట్టిందని మురిసిపోయింది. ఇప్పుడు సిగ్గేసింది, జాలేసింది, ఆ రెండింటికన్నా ఎక్కువగా ఒళ్ళు మండింది. ఈ మాట ఏడాది కిందట ఒక్కరితో చెప్పి ఉంటే గోడ లేదు, వడ్రంగి లేడు, ఈ ప్రొఫెసరూ లేడు. కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ పడి ఇల్లు రెండు ముక్కలు చెయ్యబోయాడు మహానుభావుడు.

చిన్నాడు వెనకనుంచి వంగి, ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం, ఆఁ అక్కడే, పైకి లాగు, అంటూ దారి చెప్పాడు. తీగముక్క ఊడి వచ్చింది. గడియారం ఒకసారి తడబడి, టిక్కు టిక్కుమని నడవడం మొదలుపెట్టింది. చిన్నాడు కీ ఇచ్చి, పెద్దాడు గోడకి తగిలించి, ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేసి దాన్ని తృప్తిగా చూసుకున్నారు. అత్తగారు కూడా బాగుందిరా అంది.

స్పీకర్లో ముందు ఒక నిట్టూర్పు వినిపించింది. తర్వాత మాట వచ్చింది.

"సార్, అది ఆగి ఉండాలి. అది ఆగిన టైమే ఆ ఇనప్పెట్టె నంబరు."

ఎంత దగ్గర ఆగి ఉందో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళేమో అంది అత్తగారు. ఆగిన గడియారం టైమెవరు చూస్తారన్నాడు పెద్దాడు, ఎందుకాగిందో చూస్తాం గానీ అన్నాడు చిన్నాడు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. ఆ అమ్మాయి మాత్రం ఇచ్చే సాయాలన్నీ ఇచ్చేశానంది. మిగిలిన పావుగంటా అన్నదమ్ములు ఆ గడియారం ఎప్పటిదో వాదించుకున్నారు. గంట పూర్తయి, ఆ అమ్మాయే వచ్చి తలుపు తీసింది.

ఫోన్లు చేతికిచ్చాక ఆ పిల్ల వెళ్ళనివ్వకుండా దారికి అడ్డంగా నిలబడింది. అరగంటలో ఇంకో జట్టు వస్తుందట. ఆ గడియారాన్ని పాడుచేసి పెట్టినాయన ఊళ్ళో లేడట. ఏమీ అనుకోకుండా దాన్ని మళ్ళీ నాలుగూ ఇరవై దగ్గర పాడుచేసి వెళ్ళగలరా అని అడిగింది.

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక బాగైన వస్తువుని చెడగొట్టిన పాపాన పోలేదు వాళ్ళు. ఆ పిల్ల ఏడుపుమొహం చూసి లోపలికి వెళ్ళారు. ఆ తీగముక్క మళ్ళీ దూరిస్తే చక్రం పళ్ళు అరిగిపోతాయని పెద్దాడు, దారం కడితే అరగదని చిన్నాడు, దారం కట్టిన పని పనేనా అని పెద్దాడు. పెద్దకోడలు బయట బల్ల మీద అత్తగారి పక్కన కూలబడింది. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి.

ఫోను మోగింది. వడ్రంగి. చెక్కలు కోసి ఉంచాననీ, రేపు ఏడింటికి వచ్చెయ్యనా అనీ అడిగాడు. ఆమె లేచి గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, వడ్రంగి రేపు రావాలా అని అడుగుతున్నాడని చెప్పింది. పెద్దాడు తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఉంది, చిన్నాడు అందులో స్క్రూడ్రైవర్ పెడుతున్నాడు.

"పనిలో ఉన్నామని చెప్పు," అన్నాడు పెద్దాడు.

"అదే చెప్పు వదినా," అన్నాడు చిన్నాడు.

రెండు నెలల్లో ఇద్దరూ కలిసి ఆమెకి ఒకే మాట మొయ్యమని ఇవ్వడం అదే మొదటిసారి. ఆమె ఆ మాటని పదిలంగా ఫోనుదాకా మోసింది. తనది ఇంకో మాట కలిపింది.

"వాళ్ళు పనిలో ఉన్నారు. రేపు ఏడింటికి మేం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాం. మీరు రావద్దు."

"మరి ఎప్పుడు రమ్మంటారమ్మా? గోడ కొలతలు నా దగ్గరే ఉన్నాయి."

"ఆ కాగితం చింపెయ్యండి," అంది.

లోపల గడియారం చప్పుడు ఆగింది. పనైపోయిందనుకుని ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. మళ్ళీ టిక్కుమంది.

"నువ్వు సరిగ్గా పట్టుకోలేదు," అన్నాడు పెద్దాడు.

"పట్టుకున్నది నీకు కనిపిస్తేగా," అన్నాడు చిన్నాడు.

పెద్దకోడలు సంచి దించి, నుదురు కొట్టుకుని, మళ్ళీ అత్తగారి పక్కన కూర్చుంది.