వాళ్లమ్మ రాయి

రాయి అరచేతిలో పడగానే అత్త దాన్ని ఒకసారి పైకెగరేసి పట్టుకుని, నావైపు అనుమానంగా చూసింది.

"ఏమే డిగ్రీ, వీళ్లు నాకిచ్చింది రాయా, చొక్కా గుండీయా? దీనికి బరువే లేదు."

చిక్కుడు గింజంత రాయి. తేనె రంగు. కిటికీ వెలుగులో పెడితే లోపల దీపం పెట్టినట్టుంది. ఆ రాయితో పాటు ఇచ్చిన కాగితం నా చేతిలో ఉంది. నేను చదివి చెప్పాను. ఇది భూమిలో పుట్టిన రాయి కాదు, కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురు గడ్డకట్టి ఇలా అయింది, పేరు అంబర్, మన పుస్తకాల్లో తృణమణి అంటారు, బట్టకు రుద్దితే గడ్డిపరకల్ని లాగుతుంది. అత్త వెంటనే నా భుజం మీద బట్టకేసి రుద్ది, కాగితం ముక్కలు చించి దగ్గర పెట్టింది. ముక్కలు ఎగిరి వచ్చి అతుక్కున్నాయి. అరవై రెండేళ్ల మనిషి చిన్నపిల్లలా నవ్వి, పక్క బల్లల వాళ్లందరికీ చూపించి వచ్చింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. నలభై ఏళ్లకు పైగా రాళ్లు పొదుగుతోంది. ఆమె పొదిగిన నగలు పెద్ద దుకాణాల అద్దాల వెనక వెలిగాయి గాని ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. దుకాణం పేరే ఉంటుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అది చేతికొచ్చిన రోజు నుంచి అత్త నన్ను పేరుతో పిలవడం మానేసింది. సగం గర్వం, సగం వెక్కిరింత. ఆ చదువుతో ఇంటికి పనికొచ్చేలా నేను చేసిన మొదటి పని, ఈ కూడికకు అత్త తరఫున దరఖాస్తు నింపడం.

ఏడు దేశాల నుంచి ఏడుగురు పనివాళ్లను పిలిచారు. ఒక్కొక్కరూ తమ ఇంట్లోంచి ఒక రాయి తేవాలి. చీటీలు తీస్తే ఎవరికి ఎవరి రాయి వస్తుందో, దాన్ని తమ ఇంటి పద్ధతిలో ఆ ఒక్క రోజులో నగ చెయ్యాలి. పొద్దున తొమ్మిదికి మొదలు, సాయంత్రం అయిదుకు గంట కొడతారు. తయారైన నగ రాయి తెచ్చినవాళ్లకే పోతుంది. చేసినవాళ్ల పేరు నగ పక్కన కార్డు మీద రాసి, ఫొటో తీసి, పుస్తకంలో వేస్తారు. రాయి పగిలితే కార్డు ఉండదు.

ఆ కార్డు కోసమే నేను అత్తను ఇంత దూరం లాక్కొచ్చాను.

భాష రాని చోట వరస కలిపితే చాలని అత్త సిద్ధాంతం. పది గంటలకల్లా హాలంతా ఆమెకు చుట్టాలైపోయారు. పచ్చరాయి చెక్కే బట్టతలాయన తమ్ముడయ్యాడు. వాళ్ల ద్వీపంలో పచ్చరాయి పతకం ఎవరికి వాళ్లు కొనుక్కోరట, ఒకరు ఇస్తేనే వేసుకుంటారట, మెడలు మారిన కొద్దీ ఒంటి నూనె పట్టి నిగ్గు పెరుగుతుందట. నీలిరాళ్లు కూర్చే ఆవిడ వదినయ్యింది. వేసుకున్నవాళ్ల ఒంట్లో బాగా లేకపోతే ఆ నీలం పాలిపోతుందని వాళ్లు నమ్ముతారని చెబితే, అయితే మా తమ్ముడి మెడలో ఒకటి కట్టాలి, వాణ్ని ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటాడు, అంది అత్త. ఇవన్నీ అందరికీ దొరికేలా అటూ ఇటూ పరిగెత్తుతున్న దుబాసీ అమ్మాయి చెప్పిన మాటలు. ఏడుగురికి ఆ పిల్ల ఒక్కతే. కావలసినప్పుడు మాత్రం అవతలి మూల ఉండేది.

అత్త తెచ్చిన రాయి ఈ వదినకే పడింది. అదొక చిన్న కెంపు. పదకొండేళ్ల వయసులో అత్త మొదటిసారి వంకరగా పొదిగితే, మా తాత ఊడబీకి, దాచుకో, చూసినప్పుడల్లా బుద్ధి వస్తుంది, అని చేతిలో పెట్టిన రాయి.

తేనె రాయి తెచ్చినాయన మా ఎదురు బల్ల. ఏడుగురిలో పెద్దవాడు. తెల్లటి గుబురు మీసాలు, వేళ్లు అల్లం కొమ్ముల్లా ముడులు పడి ఉన్నాయి. అత్త ఆయన్ను అన్నయ్యను చేసుకుంది. ఆయన తల పంకించాడే గాని నవ్వలేదు. చూపు రాయి మీద నుంచి తీస్తే కదా. కారణం దుబాసీ పిల్ల అటుగా వచ్చినప్పుడు తెలిసింది. వాళ్ల ఊళ్లో తుఫాను వెలిసిన పొద్దున ఒడ్డుకెళితే ఇలాంటి ముక్కలు దొరుకుతాయి. వాళ్లమ్మ చిన్నప్పుడు ఏరుకున్నది ఇది. చనిపోయేదాకా దారానికి కట్టుకుని మెడలోనే ఉంచుకుంది.

అత్త నవ్వు ఆగిపోయింది. రాయిని మెత్తటి గుడ్డ మీద పెట్టి, చేతులు కడుక్కొచ్చి కూర్చుంది.

మా ఇంటి పని ఇలా ఉంటుంది. బంగారంతో చిన్న గూడు చేస్తారు. అందులో లక్క కరిగించి పోసి, వేడి మీద రాయిని కూర్చోబెడతారు. తర్వాత మేలిమి బంగారాన్ని ఉల్లిపొరంత పల్చటి రేకులుగా సాగదీసి, రాయి చుట్టూ ఉన్న సందులో ఒక్కొక్క రేకే పెట్టి ఇనప సలాకతో నొక్కుతూ పోతారు. అంత మేలిమి బంగారం నొక్కితే చాలు, తనలో తాను కలిసిపోతుంది. చివరికి రాయి చుట్టూ అతుకు కనిపించని బంగారు గట్టు మిగులుతుంది. ఇది అత్త నిద్రలో కూడా చేస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పతకానికి గూడు సిద్ధమై, లక్క పోసి, రాయి పెట్టేసరికి పదకొండున్నర. రాయి ఒక పక్క కాస్త ఎత్తుగా కూర్చుంది. నలభై ఏళ్ల అలవాటు, అత్త చెయ్యి ఆలోచించలేదు. ఊదుడు గొట్టం నోట్లో పెట్టుకుని, దీపం మంటను సన్నటి సూదిలా వంచి ఆ పక్కకు తగిలించింది. కెంపుకైతే అది చలిమంట. తేనె రాయికి కాదు. గుప్పున అడవి వాసన లేచింది, పచ్చి కొమ్మ విరిచినట్టు. ఎదురు బల్ల కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. పెద్దాయన ఏదో అరుస్తూ రెండంగల్లో వచ్చి బల్ల మీద అరచెయ్యి పెట్టాడు.

అత్త దీపం ఆర్పేసింది. సన్నటి పట్టకారుతో రాయిని మెల్లగా పైకి తీసి, తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. నేను కాగితం మళ్లీ విప్పాను. కాగితంలో కింది వరసలో రాసే ఉంది, మంటకు దూరంగా ఉంచాలని. గడ్డిపరకల దగ్గరే నా చదువు ఆగిపోయింది. డిగ్రీ చేసినదాన్ని, పూర్తిగా చదవలేదు.

నిర్వాహకులు వచ్చారు. రాయి ఇచ్చినవాళ్లకు దాన్ని వెనక్కి తీసుకునే హక్కుందని, ఈయన తీసుకుంటే అత్త పని అక్కడితో ముగిసినట్టేనని చెప్పారు. పెద్దాయన రాయిని వెలుగుకెత్తి అటూ ఇటూ తిప్పాడు. అంచున చిన్న మసక తప్ప ఏమీ లేదు. అత్త ఆ మసకనే వేలితో చూపించి, ఆ వేలితోనే తన గుండె మీద తట్టుకుంది. నాదే తప్పు అని. తర్వాత నన్ను పిలిచి, మంట వల్ల తప్ప దీనికింక దేనివల్ల ప్రమాదమో ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవమంది. నేను చదువుతుంటే ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నా భాష ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని ఒక పెద్దావిడ తలవంచుకుని పాఠం వినడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. రాయిని మళ్లీ గుడ్డ మీద పెట్టి, ఇక ఆపనన్నట్టు తన రెండు చేతులూ చంకల కింద దాచుకుని నిలబడ్డాడు.

పన్నెండు దాటింది.

"చెట్టు జిగురన్నావు కదే," అంది అత్త, లక్క ముక్కను గోటితో గీరుతూ. "లక్క కూడా అలాంటిదేగా. చెట్టు మీద పురుగు పెట్టేది. అంటే ఇది లక్కకు పెద్దమ్మ వరస. రాయనుకుని అల్లరి పెట్టాను. లక్కనైతే అలా ఏడిపిస్తానా?"

అక్కడి నుంచి అత్త చేతులు మారిపోయాయి. లక్క ఎంత వేడికి మెత్తబడుతుందో, చల్లారితే ఎలా పెళుసవుతుందో ఆమె వేళ్లకు తెలుసు. గూటిలో లక్కను విడిగా కరిగించి, దీపం దూరం జరిపి, గూడును మణికట్టు లోపలి పక్క ఆనించి చూసుకుంటూ కూర్చుంది. వాళ్లమ్మ ఒంటి మీద బతికిన రాయి కదా, ఒళ్లు ఓర్చుకునే వేడిని అదీ ఓర్చుకుంటుందని ఆమె లెక్క. ఒక్క క్షణం ముందైతే కాలుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే లక్క బిగిసిపోతుంది. అత్త రాయిని తీసి పెట్టింది. సర్దుకుని కూర్చుంది, తిన్నగా.

ఇక రేకులు నొక్కాలి. ఇనప సలాక జారితే రాయి గీరుకుపోతుంది. అత్త బల్ల మీది సామానంతా తడిమి చూసి, అకస్మాత్తుగా నా పళ్లు తోముకునే బ్రష్షు ఎక్కడుందని అడిగింది. దాని పిడి గట్టిగా ఉంటుందిగాని గీరదు. మా బస రెండు వీధుల అవతల, నాలుగో అంతస్తు, లిఫ్టు చెడిపోయింది. జీవితంలో ఏ పరీక్షకూ నేను అంత వేగంగా వెళ్లలేదు. ఇద్దరి బ్రష్షులూ పట్టుకొచ్చాను. అత్త తనది పక్కన పెట్టి, నాది విరిచి, మొన ఆకురాయితో అరగదీసింది. నీది దాచుకున్నావేం అని అడిగితే, రేపు పొద్దున నా పళ్లకు కావాలి కదా, అంది. ఆ తర్వాత రెండ్రోజులు నేను వేలితో తోముకున్నాను.

రేకు మీద రేకు, నొక్కు మీద నొక్కు. మూడు గంటలకు గట్టు మూడొంతులు లేచింది. పచ్చరాయి తమ్ముడు తన పని వదిలేసి మా బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన వెనక మరో ఇద్దరు. పెద్దాయన మాత్రం తన కుర్చీలోనే ఉండి, తన పని చేసుకుంటూ, అరనిమిషానికోసారి మెడ చాచి చూస్తున్నాడు.

అప్పుడే భూతద్దంలో చూస్తున్న అత్త ఆగిపోయింది. అద్దం నాకిచ్చింది. రాయి లోపల, మంట తగిలిన పక్క, చేప పొలుసంత గుండ్రటి పగులు మెరుస్తోంది. పైన చెయ్యి పెడితే తగలదు. పొద్దున అది లేదు.

నాకు ఏడుపొచ్చింది. అదే సమయంలో, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఉపాయం కూడా వచ్చింది. మిగిలిన ఒక వంతు గట్టు సరిగ్గా ఆ పక్కే. గోరంత వెడల్పు పెంచితే పొలుసు బంగారం కింద దాగిపోతుంది. ఎంతకాలానికీ ఎవరికీ తెలియదు. కార్డు వస్తుంది. ఆ మాటే గొణిగాను.

అత్త నన్ను కోప్పడలేదు. రేకు అందుకుంటూ నెమ్మదిగా అంది.

"దాచడం నాకు రాదనుకున్నావా? దుకాణాలవాళ్లకు నలభై ఏళ్లు దాచిపెట్టాను. ఇది వాళ్లమ్మ రాయే. ఏమైందో ఆయనకు కనపడాలి."

ఆ పక్క గట్టును ఆమె పెంచలేదు. మిగతా గట్టుకన్నా సన్నగా తీసింది. పొలుసు మొత్తం బయటికి కనిపించేలా.

అయిదుకు నాలుగు నిమిషాలుందనగా గుడ్డతో చివరిసారి తుడిచి, తను పొదిగిన ప్రతి నగకూ చేసినట్టే, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టింది. రాయి వదులుగా ఉంటే లోపల టిక్కుమంటుంది. అత్త కళ్లు మూసుకుని వింది. ఏమీ లేదు.

గంట కొట్టారు. అత్త తనే లేచి ఎదురు బల్ల దగ్గరకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ దుబాసీ పిల్లను మోచెయ్యి పట్టుకుని వెంట లాక్కుపోయింది. పతకాన్ని ఆయన చేతిలో పెట్టి, కిటికీ వైపు తిప్పి, పొలుసును చూపించింది. ఇది నా మంట వల్ల వచ్చింది, పొద్దున లేదు, చెప్పు ఆయనకు, అంది.

ఆయన చాలాసేపు చూశాడు. మీసాల కింద పెదవులు కదిలాయి. దుబాసీ పిల్ల ఆయన దగ్గరకు వంగి విని, మావైపు తిరిగి కాస్త తడబడింది. వాళ్ల దేశంలో ఈ రాళ్లను నూనెలో వెచ్చబెట్టి కావాలనే ఇలాంటి పొలుసులు తెప్పిస్తారట. లోపల ఎండ పడినట్టుంటుందని. వాళ్లమ్మ తన దానిలో కూడా ఒకటి తెప్పించమని ఎన్నోసార్లు అడిగిందట. పగిలిపోతుందేమోనని ఆమె బతికినన్నాళ్లూ ఈయనే ధైర్యం చెయ్యలేదట.

అత్త వంగి ఆ పొలుసును మళ్లీ ఒకసారి చూసింది.

"చూశావా అన్నయ్యా," అంది. "ఆడవాళ్లు అడిగింది అడిగినప్పుడే చెయ్యాలి."

దుబాసీ పిల్ల అది చెప్పిందో లేదో గాని ఆయన మొదటిసారి నవ్వాడు. తర్వాత పతకాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఆ ముడుల వేళ్లలో ఒకదానితో, గోటితో తట్టాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఆ చెవి అలవాటు అత్తను చూసి నేర్చుకున్నది కాదు, ఇక్కడికి రాకముందే ఆయన పనిలో ఉన్నదే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నారు.

నిర్వాహకులు ఆ పొలుసును పగలడం కింద లెక్కెయ్యలేదు. నేను కార్డు తీసుకుని, అత్త పేరు ఇంటిపేరుతో సహా నిండుగా, నా జీవితంలోకెల్లా గుండ్రటి అక్షరాలతో రాశాను. ఇంటిపేరుకు చోటు చాలక ఒక కార్డు పాడైతే ఇంకోటి అడిగి తెచ్చుకున్నాను. అంతలో నీలిరాళ్ల వదిన వచ్చి అత్త వేలికి ఉంగరం తొడిగింది. యాభై ఏళ్లు డబ్బీలో ఉన్న కెంపు, చుట్టూ వెండి తీగల అల్లిక, రెండు పక్కలా చిన్న నీలిరాళ్లు. ఫొటోగ్రాఫరు అత్తను ఇటు చూడమని పిలుస్తున్నాడు. అత్త కాస్త ఆగమని చెయ్యి చూపించి, వేలిని చెవి దగ్గరకు తీసుకుపోయింది.