ముందున్న ఓడ

మా ముందుగదిలో ప్రతి ఆదివారం అంతరిక్ష యుద్ధం జరుగుతుంది. యుద్ధమంటే మరేం కాదు, నెత్తి నెరిసిన ముగ్గురు పెద్దమనుషులు నా భోజనాల బల్ల మీద గళ్ళగళ్ళ నల్ల అట్ట పరుచుకుని, చెక్క ఓడలు జరుపుకుంటూ నోటితో ‘ఢాం’ అనుకోవడం. అందులో ఒకరు మా ఆయన. నీటి సరఫరా ఆఫీసులో పైపుల పటాలు గీసి గీసి రిటైరయ్యాక, చెయ్యి ఊరుకోక ఈ ఆట కనిపెట్టారు. ఓడలు తనే చెక్కారు, నా గోళ్ళరంగు ఎత్తుకుపోయి తనే పూశారు, రూల్సు కూడా తనే రాశారు. రెండోవాడు పళ్ళ డాక్టరు. మూడోవాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఈ ఇద్దరూ తప్ప మా ఆయనకు స్నేహితులంటూ లేరు. వీళ్ళ కోసం సోమవారం నుంచే ఎదురుచూస్తారు. ఏం చూసి మురిసిపోతారో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. డాక్టరేమో పరాయివాళ్ళ నోట్లో వేళ్ళు పెట్టి బతికే మనిషి. ఎదుటివాడి నోరు బార్లా తెరిపించి, దూది కుక్కి, అప్పుడు తాపీగా ప్రశ్నలు వేస్తాడు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అదే అలవాటు నా ఇంటికీ మోసుకొచ్చాడు. ఓడిపోయేలా ఉన్న ప్రతిసారీ ఏదో ఒక రూలు ‘స్పష్టంగా లేదు’ అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు కదా, ఆ మద్దెల మా ఆయన రాత. ఇక మాస్టారి సంగతి చెప్పనే అక్కర్లేదు, డాక్టరు తానా అంటే ఆయన తందానా. ఇలా స్పష్టం చేయించుకుని చేయించుకుని, సొంత ఆటలోనే మా ఆయన గెలిచి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

ఆ ఆదివారం గొడవంతా ఒక్క మాట మీద. ‘రెండు ఓడలు పక్కపక్క గళ్ళలోకి వస్తే, ముందున్న ఓడ ముందు కాల్చాలి’ అని మా ఆయన రాశారు. ముందున్న ఓడంటే ముందునుంచీ ఆ చోట ఉన్నది అని ఆయన భావం. అందుకే తన బుల్లి కాపలా ఓడను చందమామగా పెట్టిన సీసామూత చాటున, వంతులు వంతులు వదులుకుని మరీ, కదలకుండా నిలబెట్టారు. ఆశపడి దూసుకొచ్చిన డాక్టరు పెద్ద యుద్ధనౌక సరిగ్గా దాని పక్కన ఆగింది. ఇక ఎవరు ముందు కొడితే వాళ్ళదే ఆట. మా ఆయన పాచికలు చేతిలోకి తీసుకున్నారు. ఆ ముఖంలో సంతోషం చూసి, టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నేను కూడా అక్కడే ఆగిపోయాను.

“ఆగన్నయ్యా,” అన్నాడు డాక్టరు. “ముందున్న ఓడంటే ముందుకెళ్ళిన ఓడ. నాది నీకంటే ఒక వరస ముందుంది. కాబట్టి కొట్టేది నేను.”

“అది కాదోయ్,” అన్నారు మా ఆయన. “ముందంటే... ముందునుంచీ...”

“మరి అలా రాయలేదుగా! ముందున్న అని రాశావు. ఏం మాస్టారూ?”

“అంతేగా మరి,” అన్నారు మాస్టారు. “రోడ్డు మీద ముందున్న బండంటే ముందున్న బండే. దానికి వేరే అర్థం ఎక్కడుంది?”

ఇక మొదలెట్టారు. ముందు వేరట, ముందుగా వేరట, ముందర వేరట. రాసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆయన రాతకి ఈ మహా పండితులు అర్థాలు చెబుతున్నారు. టీ చల్లారిపోయింది.

“డాక్టరుగారూ, రాసినాయన ఇక్కడే ఉన్నారుగా. ఆయన్నే అడిగితే పోలా?” అన్నాను.

“రాసేశాక ఇంక రాసినాయనతో పనేముంది వదినా?” అని నవ్వాడు. “అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

నేను కందవైపు చూశాను. మా ఆయన పాచికలు బల్ల మీద పెట్టేసి, “పోనీలే, నువ్వే కొట్టు,” అన్నారు.

ఛీ! డాక్టరు మీద కంటే మా ఆయన మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది. పళ్ళెం ఠపీమని బల్ల మీద పెట్టాను. ఓడలన్నీ ఎగిరిపడ్డాయి.

“మీ క్లినిక్కులో ముందున్న పేషెంటంటే ఎవరండీ?” అన్నాను. “పొద్దున్నుంచీ బెంచీ మీద కూర్చున్నవాడా, ఇప్పుడే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డవాడా?”

డాక్టరు నోరు తెరిచాడు. దూది కుక్కడమే తరువాయి.

“అర్థమైతే ఆడండి. లేదంటే దయచేయండి. నా బల్ల నాకు కావాలి.”

“ఇంత మాట అనిపించుకున్నాక ఈ గడప తొక్కేది లేదు,” అని లేచాడు డాక్టరు. తోకలాగా మాస్టారూ లేచారు. పీడ విరగడైందనుకున్నాను. మా ఆయన మాత్రం వంగి కింద పడ్డ ఓడలు ఏరుకున్నారు.

మరుసటి ఆదివారం ఎవరూ రాలేదు. మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తూ చూద్దును కదా, మా ఆయన అట్ట పరిచి, ముగ్గురి ఓడలూ పేర్చారు. తన వంతు ఆడి, లేచి వెళ్ళి డాక్టరు కుర్చీలో కూర్చుని డాక్టరు వంతు ఆడుతున్నారు. అక్కణ్ణించి మాస్టారి కుర్చీలోకి. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మళ్ళీ అలాగే బుల్లి ఓడ చాటున కాపు కాసింది, పెద్ద ఓడ వచ్చి దాని పక్కన ఆగింది. మా ఆయన డాక్టరు కుర్చీలో కూర్చుని పాచికలు వేశారు. మెల్లిగా ‘ఢాం’ అన్నారు. తన బుల్లి ఓడని తనే తీసి పక్కన పెట్టారు.

“అదేంటండీ!” అన్నాను. “ముందునుంచీ ఉంది మీదేగా? మీరు కదా కొట్టాలి?”

“నేనే కొట్టాలి,” అన్నారు, తల ఎత్తకుండా. “కానీ వాడు ఉంటే ఒప్పుకోడుగా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. ఫోను తీసి డాక్టరుకి చేశాను.

“ఏం వదినా, పన్ను నొప్పా?” అన్నాడు, అదే పుల్లవిరుపు గొంతుతో.

“నాకే నొప్పీ లేదు. ముందున్న ఓడంటే ముందుకెళ్ళిన ఓడే, మీరు చెప్పిందే రైటు,” అన్నాను. “వచ్చి తగలడండి.”