పాస్‌పోర్టులు పొదిగిన నల్లకోడి

తెల్లారి లేవంగనే ఎంకమ్మకు మొదటి పని కోడిగంప ఎత్తుడు. వీసాల దేవుడున్న చిల్కూరు గుడికి పోయే తొవ్వల ఆమె ఇల్లు. నల్లకోడి రాత్రంత పొదిగిన పాస్‌పోర్టులు గంప కింద వెచ్చవెచ్చగ ఉండేటివి, లోపల వీసా ముద్ర పడి ఉండేది. అంటిన ఈకలు దులిపి, వాకిట్ల నిలబడ్డ సాఫ్ట్‌వేర్ పోరగాండ్లకు పేరుపేరున పిలిచి ఇచ్చేది. బదులుగ కోడికి దోసెడు జొన్నలు తెస్తె చాలు.

పాపం ఆ పోరగాండ్లు అప్పటికే సగమైపోయి వచ్చేటోళ్లు. ఫోటోల చెవులు కనబడుతలేవని వాపస్, బ్యాంకు కాగితం పాతదని వాపస్, ఇగ కన్సల్టెన్సీ వాడైతె ఫీజు మింగి ఆఫీసుకు తాళమే ఏసె. ఆఖరుకు గుడి చుట్టు తిరిగి, ఎందుకైన మంచిదని కోడి కాడికి కూడ వచ్చేటోళ్లు.

ఇంతమందిని దేశాలు దాటించిన ఇంట్ల ఎంకమ్మ పెనిమిటి చిన్నయ్య మాత్రం మస్కట్ల ఇరుక్కున్నడు. ఆయన పాస్‌పోర్టును పని ఇచ్చిన సేటు బీరువల పెట్టి తాళమేసిండు. ఇంటికి పోతనంటె వచ్చే నెల అంటడు. ఏండ్లు గడిచినా ఆ వచ్చే నెల రాలేదు. మనిషి యాదికొస్తె ఎంకమ్మకు అన్నం సయించకపోయేది. కోడి కింద పెడదామంటె పాస్‌పోర్టు ఈడ లేకపాయె.

ఒకనాడు పెట్టె సదురుతుంటె చిన్నయ్య పాస్‌పోర్టు జిరాక్స్ కాగితం దొరికింది. గడ్డిల పెట్టి కోడిని కూసోబెట్టింది. తెల్లారి చూస్తె కాగితం కాగితమే ఉన్నది. వాకిట్లోళ్లు నవ్విన్రు. ఎంకమ్మ నవ్వలేదు. వీసా అంటె ఒక్క రాత్రిల అయితది, కాగితం పాస్‌పోర్టు కావాలంటె గుడ్డు పిల్లయ్యేటన్ని రోజులు పట్టదా? మళ్ల గంప బోర్లించి, అప్పటిదాంక ఎవ్వరియి తీసుకోనని చెప్పేసింది.

అదే వారం మల్లేశ్ పటేలు కారు దిగిండు. మొయినాబాద్ల భూములమ్మిన పెద్దమనిషి. అమెరికాల ఫోటో దిగి, వచ్చే ఎలక్షన్ల పోస్టర్ మీద ఏసుకోవాలని ఆయన పోరు.

"జర ఆ కాగితం పక్కకు పెట్టు ఎంకమ్మ. ఒక్క రాత్రి నాది పెట్టి మళ్ల పెట్టుకో."

"నడుమల లేపితె మురుగుతది పటేలా. నా మొగడు ఆడనే మురిగిపోవాల్నా? ఇది అయినంక మొదలు నీదే పెడ్త."

పటేలు కూడ కోళ్లున్న ఇంట్ల పుట్టినోడే, ఆ సంగతి ఎరుకే. అరుగు మీద కూలబడ్డడు. రోజూ వచ్చి అడుగుడు, కూసునుడు. చూస్తుండంగ పిల్లులను అదిలించే డ్యూటీ ఆయనకే పడ్డది, ఇస్త్రీ చొక్కా నలగంగ గోడ దాంక ఉరికేటోడు.

ఒక పొద్దున గంప కింద టక్కుటక్కుమని సప్పుడైంది. ఎత్తి చూస్తె జిరాక్స్ కాగితం గుడ్డుపెంకు లెక్క పలిగి ఉన్నది. నడుమల చిన్నయ్య అసలు పాస్‌పోర్టు, తడితడిగ, సేటు బీరువల బట్టల నడుమ ఏసే డాంబరు గోలీల వాసనతోటి.

ఎంకమ్మ దాన్ని కండ్లకు అద్దుకున్నది. అద్దుకున్నంక తెలిసొచ్చింది. పాస్‌పోర్టు ఈడ, మనిషి ఆడ. పోస్టుల ఏస్తె మళ్ల సేటు చేతికే పోతది. కూలబడి ఏడ్చింది. ఏడ్చుకుంటనే, ఇచ్చిన మాట తప్పొద్దని, సాయంత్రం పటేలు పాస్‌పోర్టును కోడి కింద పెట్టింది.

తెల్లారి తెరిచి చూస్తె మస్కట్ వీసా.

"నేను అమెరికా అడిగిన గదనే!" అన్నడు పటేలు. కోడి జొన్నలు ఏరుకుంటున్నది. ఎంకమ్మ పెనిమిటి పాస్‌పోర్టు ఒడిల పెట్టుకొని పటేలు దిక్కే చూస్తున్నది. ఆయన తల గోక్కున్నడు.

"ఆడ ఫోటో దిగేటందుకు ఏమన్న ఉన్నదా?"

"సముద్రమున్నదంట పటేలా."

చిన్నయ్య పాస్‌పోర్టు జేబుల ఏసుకొని పటేలు మస్కట్ పోయిండు. వారం తిరగకముందే పటేలు ఇంటికి ఫోనొచ్చిందని ఆయన భార్య నిర్మలమ్మ పిలిస్తె ఎంకమ్మ ఉరికింది. రిసీవర్ల చిన్నయ్య గొంతు.

"ఎంకీ, పాస్‌పోర్టు చేతిల ఉన్నది. టికెట్టు కూడ అయింది, వస్తున్న. ఈడ ఫ్రిజ్జు కోళ్లు తిని నాలిక సచ్చిపోయింది. మన నల్లకోడిని కోసి, కారం దండిగ ఏసి వండు."

ఎంకమ్మకు నవ్వు, ఏడుపు ఒక్కపారే తన్నుకొచ్చినయి. కొంగుతోటి మొకం తుడుచుకున్నది.

"నిన్ను పొదిగిన తల్లయ్యా అది. వచ్చి ముందు దాని కాళ్లు మొక్కు. తినేటందుకు పప్పుచారు చేస్త."