కోటిరత్నం కంచం

నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లందరిలోకీ కోటిరత్నమే లావు. ముప్పై నాలుగేళ్లకే మోకాళ్లు పట్టుకుని లేవాల్సి వచ్చేది. "మీ ఇంట్లో తిండికి కొదవ లేదే!" అని తోటివాళ్లు నవ్వితే తనూ నవ్వేసేది.

కొదవ లేనిది ఒక్క అన్నానికే. రెండేళ్లు వరసగా పత్తికి పురుగు పట్టడంతో భర్త యలమందయ్య కౌలు పొలం వదిలేసి, ఊరొదిలి వచ్చి, మిర్చి యార్డులో బస్తాలు మోస్తున్నాడు. కార్డు మీద బియ్యం వచ్చేవి. మిగతావన్నీ అంతంతమాత్రమే. బస్తాలు మోసేవాడికి గుడ్డు. చదువుకునే ఆడపిల్లలు అఖిలకీ, బిందుమాధవికీ పప్పు. వాళ్లు తిని లేచాక కోటిరత్నం మిగిలిన అన్నమంతా కంచంలో వేసుకుని, పచ్చడి కలుపుకుని, కడుపు నిండేదాకా తినేది. పొద్దున లేచి మళ్లీ కాయల గుట్ట ముందు కూర్చునేది.

2005 వేసవిలో షెడ్డుకి వైద్య శిబిరం వచ్చింది. కోటిరత్నం కాటా ఎక్కితే డెబ్బై తొమ్మిది కిలోలు చూపించింది. వేలు గుచ్చి చూస్తే రక్తం ఏడు గ్రాములే ఉంది.

"మనిషేమో ఇంత లావు, ఒంట్లో రక్తమేమో లేదు. నూనెలు, స్వీట్లు మానెయ్యాలమ్మా. తిండి బాగా తగ్గించు," అంది డాక్టరమ్మ. వెనక వరసలో ఇంకా నలభై మంది ఉన్నారు.

"స్వీట్లంటమ్మోయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఈసారి కోటిరత్నానికి నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి రాత్రన్నం మానేసింది. మధ్యాహ్నం కూడా సగమే తినేది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆవిడ తినేటప్పుడు చూసిందెవరు గనక? ఆరో రోజు కాయల గుట్ట మీదకే ఒరిగిపోయింది.

పక్కన కూర్చునే అమీర్‌బీ మొహాన నీళ్లు కొట్టి లేపింది. ఏదైనా తినిపిద్దామని కోటిరత్నం టిఫిన్ డబ్బా తెరిచింది. రెండు పిడికిళ్ల అన్నం, పైన కారం, కాస్త నూనె. ఇంకేం లేదు.

"రోజూ ఇదేనా రత్నం?"

"ఇంతకుముందు అన్నం ఎక్కువుండేదిలే," అంది కోటిరత్నం నీరసంగా.

అమీర్‌బీ ఆమెను ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. సాయంత్రం యలమందయ్య వచ్చేదాకా కదల్లేదు.

"అన్నా, మీ ఆవిడ ఏం తింటదో ఎప్పుడైనా చూశావా?"

"వండేది తనే కదమ్మా! తినదా ఏంటి?" అన్నాడు. తర్వాత భార్య వంక చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆ లావు చూసి తన ఇల్లు బాగానే గడుస్తోందని ఇన్నాళ్లూ అతనూ నమ్మాడు.

మర్నాడు పనికి పోకుండా ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు నిన్న పొద్దుట నుంచి ఏం తిన్నదీ, అంతకుముందు రోజూ ఏం తినేదీ అడిగి, చివరిదాకా విన్నాడు. "నీది తిండి ఎక్కువైన లావు కాదమ్మా. ఉత్త అన్నంతో వచ్చింది. పస్తులుంటే ఇంకా పాడవుతావు. అన్నం కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు తిను," అని రక్తం మాత్రలు రాశాడు.

ఆ రాత్రి యలమందయ్య నాలుగు కంచాలూ తనే పెట్టాడు. కోటిరత్నానికి కోపమొచ్చింది.

"మీరంతా అట్టా చూస్తా కూర్చుంటే నాకు ముద్ద దిగుద్దా? ముందు మీరు తినండి!"

"దిగినంతే తిను. నువ్వు మొదలెట్టందే మేం ముట్టం," అన్నాడు.

గుడ్డు రెండు ముక్కలు చేసి ఒకటి ఆమె కంచంలో వేశాడు. ఆమె దాన్ని తీసి అఖిల కంచంలో పెట్టబోతే, అఖిల కంచం వెనక్కి లాక్కుంది. "నాకొద్దు. నువ్వే తినమ్మా."

కోటిరత్నం తల వంచుకుని తింది. పిల్లలు చూడకుండా పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండు నెలలకి రక్తం తొమ్మిదికొచ్చింది. బరువు రెండు కిలోలే తగ్గింది. షెడ్డులో ఎగతాళి పూర్తిగా ఆగలేదు గానీ, ఎవరైనా నోరు తెరిస్తే అమీర్‌బీ ఊరుకోవడం లేదు. వానలు పడ్డాక తొడిమల పని ఆగిపోయింది. గుడ్డు ఆదివారాలకే మిగిలింది, పప్పు పల్చబడింది. ఆ పల్చటి పప్పునే నలుగురూ కలిసి కూర్చుని పోసుకున్నారు.